లాబీయింగ్ అంటే పైరవీ అనుకున్నా: మా అమ్మాయి వాళ్ళతో వాషింగ్టన్ లో నాలుగు రోజులు

లాబీయింగ్ అన్న మాట వింటే నాకు ముందు గుర్తొచ్చేది పైరవీ. మా తెనాలి వైపు పెరిగినవాళ్ళకి ఎవరికైనా అంతే అనుకుంటా, ట్రాన్స్ఫర్ కి పైరవీ, కాలేజీ సీటుకి పైరవీ, పెన్షన్ ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి వెళ్ళాలన్నా పైరవీ. అందుకే 2023 చివర్లో మా అమ్మాయి వచ్చి అమ్మా ఫిబ్రవరిలో మా టెంపుల్ పిల్లలందరం లాబీయింగ్ నేర్చుకోడానికి వాషింగ్టన్ వెళ్తున్నాం, తోడుగా ఇద్దరు పెద్దవాళ్ళు కావాలంట, నువ్వు వస్తావా అని అడిగితే ఒక నిమిషం ఏమీ అనలేదు నేను. పదహారేళ్ళ పిల్లలకి ఇది నేర్పడం ఏంటి అనిపించింది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. మేము న్యూజెర్సీలో ఉంటాం. మా ఆయన యూదుడు. అమ్మాయి రెండూ చూస్తూ పెరిగింది, సంక్రాంతికి ముగ్గు వేస్తుంది, శుక్రవారం సాయంత్రం షబ్బాత్ కి (యూదుల వారపు విశ్రాంతి రోజు) కొవ్వొత్తులు వెలిగిస్తుంది. మా ఆయన వాళ్ళది యూదుల్లో రిఫార్మ్ అనే శాఖ, సినగాగ్ ని, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరాన్ని, టెంపుల్ అనే అంటారు, ఫోన్ లో నేను టెంపుల్ కి వెళ్ళాం అంటే మా అమ్మ ఇప్పటికీ ఏ గుడికే అని అడుగుతుంది. ఈ ట్రిప్పు పేరు లెతకేన్. హీబ్రూలో బాగుచేయడానికి అని అర్థం. రిఫార్మ్ యూదుల తరఫున వాషింగ్టన్ లో రిలీజియస్ యాక్షన్ సెంటర్ అని ఒకటుంది, పొట్టిగా రాక్ అంటారు, వాళ్ళు ప్రతి చలికాలం దేశంలో రకరకాల ఊళ్ళ టెంపుల్స్ నుంచి హైస్కూల్ పిల్లల్ని పిలిచి శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉంచుకుని, ఒక విషయం మీద ఎలా చదవాలి ఎలా రాయాలి మన ఎంపీ ఆఫీసుకి వెళ్ళి ఎలా అడగాలి అన్నది నేర్పి, ఆఖరి రోజు నిజంగానే అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ హిల్ కి తీసుకెళ్ళి అడిగిస్తారు.

తోడు వెళ్ళే పెద్దవాళ్ళకి కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, ఫారాలు నింపాలి, పిల్లల మందులు అలర్జీలు అన్నీ ఒక ఫోల్డర్ లో పెట్టుకోవాలి. ఆ ఏడాది ఇంకొంచెం ఎక్కువే జాగ్రత్తలు. ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి చేసిన అక్టోబర్ 7 అయ్యి నాలుగు నెలలే అయ్యింది. మా టెంపుల్ గుమ్మం దగ్గర పోలీసు కారు ఉండటం మామూలైపోయింది. బస్సెక్కేముందు రబ్బీ (రబ్బీ అంటే యూదుల మతగురువు, మా టెంపుల్ కి ఆడ రబ్బీ) మగపిల్లలతో బయట తిరిగేటప్పుడు కిప్పా (యూదులు తల మీద పెట్టుకునే చిన్న గుండ్రటి టోపీ) మీద ఇంకో టోపీ పెట్టుకోవాలో వద్దో మీ ఇష్టం, మీ అమ్మానాన్నలతో మాట్లాడే నిర్ణయించుకోండి అని చెప్పింది. ఒక పిల్లాడు కిప్పా తీసి జేబులో పెట్టుకుని మళ్ళీ తీసి తల మీద పెట్టుకున్నాడు, బస్సు కదిలేలోపు రెండుసార్లు. అది చూసి నాకు గొంతు పట్టేసింది.

శుక్రవారం సాయంత్రానికి చేరాం. హోటల్ హాల్లో మూడొందల మంది దాకా పిల్లలు, గిటార్ తో ప్రార్థన, తర్వాత భోజనం. ఒక్కో గదికి నలుగురు. రాత్రి పదకొండు తర్వాత ఎవరూ గది దాటకూడదు కాబట్టి మేము పెద్దవాళ్ళం వంతులేసుకుని వరండాలో కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళం. ఈ భాగం ఏ స్కూల్ టూర్ లో అయినా ఒకటే.

శనివారం వాళ్ళకి విశ్రాంతి రోజు కాబట్టి రాత పని లేదు, తిరగడం, మాట్లాడుకోవడం. నేషనల్ మాల్ (షాపింగ్ మాల్ కాదు, స్మారకాలు మ్యూజియాలు ఉన్న పెద్ద మైదానం) అంతా నడిచాం. లింకన్ మెమోరియల్ మెట్ల మీద రబ్బీ పిల్లల్ని కూర్చోబెట్టి 1963 ఆగస్టు 28న ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలుసు కదా, మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడాడు, మరి ఆయనకి సరిగ్గా ముందు మైకు పట్టుకున్నది ఎవరు అని అడిగింది. ఎవరికీ తెలీదు. నాకసలే తెలీదు. జోఆకిం ప్రింజ్ అని ఒక రబ్బీ అంట, మాకు దగ్గర్లోనే ఉన్న న్యూఆర్క్ లో పనిచేసేవాడు. అంతకుముందు హిట్లర్ కాలంలో బెర్లిన్ లో రబ్బీగా ఉండి అక్కణ్ణించి తరిమేస్తే వచ్చినవాడు. ఆయన ఆ రోజు చెప్పింది ఏంటంటే, అక్కడ ఉండగా నేను నేర్చుకున్నది, ద్వేషం కూడా కాదు అన్నిటికన్నా పెద్ద సమస్య, నోరు మూసుకుని ఉండటమే అని. ఆ తర్వాత 1964 సివిల్ రైట్స్ చట్టం, 1965 ఓటు హక్కు చట్టం, ఈ రెండిటి ముసాయిదాలో కొంత భాగం ఇదే రాక్ ఆఫీసులో, మసాచుసెట్స్ అవెన్యూ మీదున్న బిల్డింగ్ లో, ఒక బల్ల చుట్టూ కూర్చుని రాశారని చెప్పింది. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడే సంఘాలకి ఆ రోజుల్లో అక్కడే చోటిచ్చారంట. పిల్లలు ఫోన్లు లోపల పెట్టేసి విన్నారు.

మధ్యాహ్నం హోలోకాస్ట్ మ్యూజియం, నాజీలు యూదుల్ని చంపిన చరిత్ర చూపించేది. దాని గురించి ఎక్కువ రాయలేను. చెప్పుల గది ఒకటుంది, పోలండ్ లో నాజీల మైదానెక్ క్యాంపు నుంచి తెచ్చిన బాధితుల చెప్పులు, నాలుగు వేల దాకా, రెండు వైపులా కుప్పలు, మధ్యలో నడవాలి. ఫోటోల్లో చూసినప్పుడు తెలియనిది ఒకటుంది అక్కడ, వాసన. పాత తోలు వాసన. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఒక చిన్న తెల్ల చెప్పు వైపు చూస్తూ ఉండిపోయింది, ఆడపిల్లదే అయ్యుంటుంది, పట్టీ తెగిపోయి ఉంది. అదే మ్యూజియంలో సెయింట్ లూయిస్ ఓడ గురించి కూడా ఉంది. 1939లో జర్మనీ నుంచి తొమ్మిది వందల మందికి పైగా యూదులు క్యూబాకి ఓడెక్కితే క్యూబా కొద్దిమందిని తప్ప దిగనివ్వలేదు, అమెరికా కూడా దిగనివ్వలేదు, మయామీ దీపాలు కనిపించేంత దగ్గరకొచ్చి వెనక్కి తిరిగిన ఓడ అది. ఆ ప్రయాణికుల్లో 254 మంది తర్వాత చనిపోయారు. అంటే వాళ్ళ దగ్గర కాగితాలు ఉన్నా కూడానా అని మా అమ్మాయి అడిగింది. కాగితాలు ఉన్నా కూడా. ఆ మాట ఎందుకు అడిగిందో నాకు మర్నాడు తెలిసింది.

చీకటి పడ్డాక జెఫర్సన్ మెమోరియల్ దగ్గర హవ్దాలా. షబ్బాత్ ముగిసిందని చేసే చిన్న పూజ లాంటిది. జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగిస్తారు, లవంగాలు దాల్చినచెక్క ఉన్న చిన్న డబ్బా చేతులు మారుతూ అందరూ వాసన చూస్తారు, చివర్లో కొవ్వొత్తిని ద్రాక్షరసంలో ముంచి ఆర్పేస్తారు, చుయ్ మంటుంది. నీళ్ళ మీంచి గాలి కోసేస్తోంది, మూడొందల మంది ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని పాడుతున్నారు. లవంగాల వాసనకి నాకు ఒక్కసారి మా అమ్మ పోపులపెట్టె గుర్తొచ్చింది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానం అని రాసిన జెఫర్సన్ కింద జీవితకాలంలో ఆరొందల మందికి పైగా బానిసలు ఉండేవాళ్ళని కూడా అక్కడే, ఆ విగ్రహం ముందే చెప్పారు పిల్లలకి. దాచలేదు. నాకు అది బాగా నచ్చింది.

ఇక ఆదివారం. అసలు పని అంతా ఆదివారమే.

పొద్దున్నుంచి క్లాసులు, తుపాకులు, వాతావరణం, ఆకలి, ఓటు హక్కు, అబార్షన్ హక్కు, ఇమ్మిగ్రేషన్, ఇలా ఎవరికి కావాల్సింది వాళ్ళు ఎంచుకోవచ్చు. ఇజ్రాయెల్ గాజా గురించి కూడా ఒక సెషన్ పెట్టారు, అక్కడ పిల్లలు గట్టిగానే వాదించుకున్నారు, ఒకమ్మాయి ఏడ్చింది, ఇంకో అమ్మాయి, అంతసేపూ ఆ పిల్లతో వాదించిన అమ్మాయే, వెళ్ళి పక్కన కూర్చుంది. క్లాసులు చెప్పేది పెద్ద పెద్ద లాయర్లు కాదు, కాలేజీ అయిపోయి ఒక ఏడాది రాక్ లో పనిచేయడానికి వచ్చిన ఇరవై రెండేళ్ళ ఇరవై మూడేళ్ళ కుర్రాళ్ళు, లెజిస్లేటివ్ అసిస్టెంట్లు అంటారు. వాళ్ళు మొదట చెప్పిన మాట, మనం ఏ పార్టీకి పని చెయ్యం, ఎవరికి ఓటెయ్యాలో చెప్పం, చట్టం ప్రకారం మన లాంటి సంస్థలు అది చెయ్యకూడదు, ఒక బిల్లు గురించి ఒక విధానం గురించి మాత్రం అడగొచ్చు. రెండోది, మొదటి రాజ్యాంగ సవరణలో మతం, వాక్ స్వాతంత్ర్యం, పత్రికలు అన్నీ చెప్పి చివర్లో ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు అని ఒకటి రాశారు, 1791 నుంచీ ఉంది అది, రేపు మీరు వాడబోయేది దాన్నే అన్నారు.

అర్జీ అనగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

మా ఊరి కాలవ మీద చెక్క వంతెన ఉండేది, అవతలి గట్టున స్కూలు. రెండు పలకలు ఊడిపోయినా అలాగే దాటేవాళ్ళం, వర్షాకాలం నాన్న ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టుకుని దాటించేవాడు. ఆయన తెల్లకాగితం మీద మహారాజశ్రీ అని మొదలుపెట్టి దరఖాస్తు రాసుకుని, ఒక నిమ్మకాయ చేతిలో పెట్టుకుని, మా వైపు పెద్దవాళ్ళ దగ్గరకి వట్టి చేతులతో వెళ్ళరు కదా, పొద్దున్నే ఆరింటికి నాయకుడి ఇంటి అరుగు మీద నిలబడేవాడు. నేనూ వెళ్ళా ఒకసారి. తొమ్మిదిన్నర దాకా నించున్నాం. ఆయన బయటికొచ్చి కారెక్కుతుంటే నాన్న వంగి కాగితం ఇచ్చాడు, పక్కనున్నతను తీసుకుని కట్టలో పెట్టేశాడు. అట్లా ఐదుసార్లు. ఆరోసారి ఎవరో మధ్యవర్తి. వంతెన నేను ఇంటర్ కి వచ్చాక పడింది. ఆ రోజు ఇంటికొస్తూ నాన్న అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది, మనం అడగలేదమ్మా, బతిమాలాం.

ఈ పిల్లలకి నేర్పుతున్నది సరిగ్గా ఆ తేడా. మధ్యాహ్నం ఒక గంటన్నర అడగడం మీదే చెప్పారు. మీ పేరు, మీ ఊరు, జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) చెప్పండి, ఎందుకంటే అవతలివాళ్ళు ముందు చూసేది ఈ మనిషి మా నియోజకవర్గమేనా అని. టైమిచ్చినందుకు థాంక్స్ చెప్పండి. విషయం ఏంటో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. యూదులుగా మీకిది ఎందుకు ముఖ్యమో చెప్పండి. మీకు తెలిసిన ఒక మనిషి కథ చెప్పండి. చివరికి అడగండి. ఫలానా బిల్లుకి మీరు కో-స్పాన్సర్ అవుతారా (అంటే సమర్థిస్తూ బిల్లు మీద మీ పేరు కూడా చేరుస్తారా) అని ప్రశ్నలాగే అడగండి, మద్దతిస్తారని ఆశిస్తున్నాం లాంటివి వద్దు, ప్రశ్న అడిగి ఆగిపోండి. ఆ ఆగడమే కష్టం, నిశ్శబ్దాన్ని మీరు నింపొద్దు, వాళ్ళని నింపనివ్వండి. తెలియనిది అడిగితే తెలియదు అని చెప్పండి, కనుక్కుని మెయిల్ చేస్తానని చెప్పండి, చెప్పాక నిజంగా చెయ్యండి. దీన్ని జంటలు జంటలుగా కూర్చోబెట్టి ఒకళ్ళు ఎంపీ ఒకళ్ళు పిల్ల లాగా పది సార్లు చేయించారు. ఆగిపోవడం దగ్గర అందరూ తడబడ్డారు.

మా అమ్మాయి ఇంకో ఇద్దరితో కలిసి ఇమ్మిగ్రేషన్ తీసుకుంది. వాళ్ళకిచ్చిన కాగితాల్లో ఉన్నది ఎక్కువగా కాగితాలు లేకుండా చిన్నప్పుడే వచ్చిన పిల్లల గురించి, డ్రీమర్స్ అంటారు కదా వాళ్ళు. ఇది లేచి అసిస్టెంట్ ని అడిగింది, మరి కాగితాలున్నా ఇరవై ఒకటి రాగానే వెళ్ళిపోవాల్సిన వాళ్ళ గురించి మాట్లాడొచ్చా అని.

మన తెలుగువాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అమ్మకో నాన్నకో హెచ్ వన్ మీద పిల్లలు హెచ్ ఫోర్ మీద వస్తారు, గ్రీన్ కార్డుకి అప్లై చేస్తారు, ఒక్కో దేశానికి ఏడు శాతం అనే రూల్ వల్ల ఇండియా క్యూ కదలదు, పిల్లకి ఇరవై ఒకటి నిండగానే తల్లిదండ్రుల ఫైల్లోంచి పేరు జారిపోతుంది, స్టూడెంట్ వీసా తెచ్చుకోవాలి లేదా ఊహ తెలిశాక చూడని దేశానికి వెళ్ళిపోవాలి. డ్రీమర్స్ ని దేశం నుంచి పంపేయకుండా ఆపడానికి ఒబామా 2012లో తెచ్చిన డాకా కూడా వీళ్ళకి వర్తించదు, ఎందుకంటే ఆ నాటికి చట్టబద్ధమైన స్టేటస్ లేనివాళ్ళకే అది. రూల్ పాటించినందుకే బయట ఉండిపోయారు. ఇలాంటి పిల్లలు రెండు లక్షల పైనే ఉంటారని అంచనా. వీళ్ళ కోసం అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అని 2021లో బిల్లు పెట్టారు, 2023లో మళ్ళీ పెట్టారు, సెనేట్ లో డెమోక్రాట్ అలెక్స్ పడియా, రిపబ్లికన్ రాండ్ పాల్ కలిసి పెట్టిన బిల్లు అది. ఆ అసిస్టెంట్ కి దీని గురించి అంతగా తెలీదు, కానీ ఒక గంట టైమివ్వు అని వెళ్ళి చదువుకుని వచ్చి, మన కాగితాల్లో ఉన్న దాంతో పాటు ఇది కూడా ఒక పేరాగా పెట్టొచ్చు అన్నాడు.

మా అమ్మాయి మనసులో ఉన్నది మా వీధిలో అబ్బాయి. తెలుగువాళ్ళే, మూడేళ్ళప్పుడు వచ్చాడు, వీళ్ళిద్దరూ కిండర్ గార్టెన్ నుంచి ఒకే బస్సు. వాళ్ళమ్మ నాకు ఇక్కడ అక్కలాంటిది. డ్రాఫ్ట్ అంతా రాసేసింది అతని గురించి. అది చదివి అసిస్టెంట్ మొదట అడిగిన ప్రశ్న, అతన్ని అడిగావా అని.

అడగలేదు. ఒకళ్ళ కథ మనం చెప్పేముందు వాళ్ళని అడగాలి, అడక్కుండా చెప్తే మంచి కోసం చెప్పినా అది తీసుకోవడమే అవుతుంది అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నర. మా అమ్మాయి హోటల్ వరండాలో నేల మీద కూర్చుని ఫోన్ చేసింది, నేను పక్కన. ఎత్తింది వాళ్ళమ్మ. స్పీకర్ లో పెట్టింది.

వద్దమ్మా, అంది వెంటనే. వద్దు నాన్నా, మా గురించి అక్కడ చెప్పొద్దు. పేరు చెప్పను ఆంటీ అంటే, పేరు చెప్పకపోయినా తెలుస్తుంది కదా, మన స్టేటస్ కి ఏమన్నా అయితే, ఈ వీసా ఎక్స్టెన్షన్ కూడా పెండింగ్ లో ఉంది అంది. నా వైపు, నువ్వు పక్కనే ఉన్నావా, నువ్వన్నా చెప్పు దానికి అంది. ఆవిడ గొంతులో ఉన్న భయం నాకు బాగా తెలుసు. నేను మా ఆయన్ని చేసుకున్నాను కాబట్టి నా కాగితం రెండేళ్ళలో వచ్చేసింది, ఆవిడ పధ్నాలుగేళ్ళుగా ఆ భయంతోనే నిద్రపోతోంది. సరే అక్కా, చెప్పదులే అన్నాను. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ ఒక్క మాట అనలేదు, సరే ఆంటీ అని పెట్టేసింది. వెళ్ళి లాప్‌టాప్ లో ఆ పేరా మొత్తం తీసేసింది. ఆ పని చేస్తున్నప్పుడు దాని ముఖం చూశాను. ఆ ట్రిప్పు మొత్తంలో నాకు దాని మీద ఎక్కువ గర్వం కలిగింది ఆ నిమిషంలోనే.

పదిన్నరకి ఫోన్ మోగింది. ఆ అబ్బాయే. అమ్మ చెప్పింది, నువ్వు చెప్పు, అన్నాడు. పేరు వద్దు, ఊరు వద్దు, మూడేళ్ళప్పుడు వచ్చాడని చెప్పు, నెల్లూరులో నాకు తెలిసింది మా అమ్మమ్మ గది ఒక్కటే అని చెప్పు. వెనకాల వాళ్ళమ్మ ఏదో అంటోంది, అతను తెలుగులో అమ్మా ప్లీజ్ అంటున్నాడు, తర్వాత కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆవిడే ఫోన్ తీసుకుని, పేరు మాత్రం వద్దమ్మా అంది.

పన్నెండు దాకా రాశారు. మూడు నిమిషాల ప్రసంగం. యూదు విలువ అన్న పేరా దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది, పరదేశిని ప్రేమించండి మీరూ ఈజిప్టులో పరదేశులుగా ఉన్నారు కదా అని తోరాలో (యూదుల పవిత్ర గ్రంథం) ముప్ఫై ఆరు సార్లు వస్తుందని చెప్తారు, అందరూ అదే వాడుతున్నారు అంది. నేను మా ఇంటి వెనక చర్చి మైకులో చిన్నప్పుడు విన్నది చెప్పాను, మీరు ఐగుప్తు దేశములో పరదేశులై యుంటిరి. ఐగుప్తు అంటే ఈజిప్టా అని నవ్వింది, మళ్ళీ చెప్పించుకుంది. అప్పుడే పక్క టెంపుల్ నుంచి వచ్చిన ఒకాయన మీ వైపు యూదులు ఉన్నారా అని అడిగితే, ఉన్నారండీ, గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని కొన్ని కుటుంబాలు ఉన్నాయి, తెలుగే మాట్లాడతారు, చిన్న సినగాగ్ కూడా ఉంది, మా ఊరికి దగ్గరే అని చెప్పాను. మా అమ్మాయి తలెత్తి, అమ్మా ఇన్నేళ్ళూ ఇది నాకెందుకు చెప్పలేదు అంది. నిజమే, చెప్పాల్సింది. ఈసారి వెళ్ళినప్పుడు తీసుకెళ్తానని మాటిచ్చాను.

సోమవారం పొద్దున అందరూ సూట్లు, బ్లేజర్లు. బస్సులు కాపిటల్ హిల్ దగ్గర దింపాయి. ప్రతినిధుల సభ వాళ్ళ ఆఫీసులు ఒక వైపు, కానన్, లాంగ్‌వర్త్, రేబర్న్ అని మూడు పెద్ద బిల్డింగులు, సెనేట్ వాళ్ళవి ఇంకో వైపు. బ్యాగులు స్కాన్ చేసి లోపలికి పంపేస్తారు, ఎవరు మీరు ఎవరి మనుషులు అని అడిగేవాళ్ళు లేరు. నేను అలవాటు కొద్దీ ఐడీ చేతిలో పట్టుకుని ఉన్నాను, ఎవరికీ అక్కర్లేకపోయింది. పొడుగ్గా పాలరాతి వరండాలు, ప్రతి తలుపు పక్కన రెండు జెండాలు, ఒకటి దేశానిది ఒకటి రాష్ట్రానిది, పేరు, రాష్ట్రం రాసిన పలక. తలుపులు తీసే ఉన్నాయి. ఇక్కడ ఒక్కో ప్రతినిధి కింద ఏడున్నర లక్షల మంది పైన ఉంటారు, మన లోక్‌సభ సభ్యుడికి ఓటర్లే సగటున పదిహేడు లక్షలు దాటతారు, అది కూడా ఒక తేడానే, ఒప్పుకోవాలి.

మాకు ఎంపీ గారు దొరకలేదు, ఓటింగ్ ఉందన్నారు. ఆయన స్టాఫర్, అంటే ఆఫీసులో పనిచేసే అమ్మాయి, వచ్చింది, పాతికేళ్ళు ఉంటాయేమో. మీటింగ్ రూమ్ ఖాళీ లేదు, ఇక్కడ పర్లేదా అని వరండాలోనే నించోబెట్టింది. నాకు లోపల చివుక్కుమంది, ఇంత దూరం వచ్చి నించునేనా అని. పిల్లలు మాత్రం అరనిమిషంలో సర్దుకుని గుండ్రంగా నించున్నారు. ముందురోజే చెప్పారంట, స్టాఫర్ అంటే తక్కువ అనుకోవద్దు, బిల్లు చదివేది, ఎంపీకి ఏం చెప్పాలో రాసేది వీళ్ళే అని.

మొదట ఆకలి గురించి ఇద్దరు చెప్పారు. ఒక పిల్లాడు, ఆ కిప్పా పిల్లాడే, రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. కాగితం ఒణుకుతోంది. పక్క పిల్ల అతని మోచెయ్యి పట్టుకుంది అంతే, చదివి పెట్టలేదు, పట్టుకుంది. అతను ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. స్టాఫర్ గడియారం చూసుకోలేదు.

తర్వాత మా అమ్మాయి. నా స్నేహితుడు ఒకడున్నాడు, పేరు చెప్పొద్దని వాళ్ళమ్మ అడిగింది, ఎందుకు అడిగిందో మీకు అర్థమవ్వాలనే ఈ మాట చెప్తున్నాను, అని మొదలుపెట్టింది. అది డ్రాఫ్ట్ లో లేదు. మూడేళ్ళప్పుడు వచ్చాడు, మాతో పాటే ప్రతిరోజూ జెండా ముందు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో అతనికి తెలిసింది ఒక్క గది. సెయింట్ లూయిస్ ఓడ గురించి రెండు వాక్యాలు చెప్పింది, రెండూ ఒకటి కాదు, నాకు తెలుసు, కానీ ఒడ్డు కనిపిస్తూ ఉండగా వెనక్కి పంపడం ఏంటో మా వాళ్ళకి తెలుసు అంది. మీ సార్ అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ కి కో-స్పాన్సర్ అవుతారా?

ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో, ఐదారు సెకన్లే అయ్యుంటుంది. నేను గోడకి ఆనుకుని గుప్పిళ్ళు బిగించి నించున్నాను, మా నాన్న చేతిలో నిమ్మకాయ కళ్ళ ముందుంది. స్టాఫర్ నోట్‌బుక్ తెరిచింది. రాసుకుంది. ఇప్పటిదాకా మా ఆఫీసుకి దీని గురించి వచ్చిన ఫోన్లు చాలా తక్కువ, నిజం చెప్తున్నా, అంది. దీనివల్ల ఎంతమంది కొత్తగా గ్రీన్ కార్డుకి అర్హులవుతారు, మిగతావాళ్ళ క్యూ మీద ప్రభావం ఏంటి అని అడిగింది. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. నాకు తెలియదండీ, కనుక్కుని శుక్రవారం లోపు మెయిల్ చేస్తాను అంది. స్టాఫర్ తన కార్డిచ్చి, ఇది నేను సార్ తో మాట్లాడాలి, అవునని కాదని ఇవాళ చెప్పలేను, నీ మెయిల్ కోసం చూస్తాను అంది. మొత్తం పద్ధెనిమిది నిమిషాలు.

సెనేటర్ ఆఫీసులో అయితే కుర్చీలున్న గదే ఇచ్చారు, మర్యాదగా విన్నారు, కానీ నోట్‌బుక్ తెరవలేదు. మా అమ్మాయి అది గమనించింది. బస్సులో అదే చెప్పింది, అమ్మా నించోబెట్టినావిడే బాగా విన్నది అని.

గురువారం రాత్రి పదకొండింటికి మెయిల్ పంపింది. నాలుగు పేరాలు, ఏ లెక్క ఎక్కడిదో, ఏది అంచనానో రాసి మరీ. వారానికి జవాబొచ్చింది, థాంక్స్, సార్ కి ఇచ్చిన నోట్ లో పెట్టాను అని రెండు లైన్లు. బిల్లు ఆ సభ కాలంలో కదల్లేదు. అది కూడా చెప్పాలి కదా.

ఇంకో సంగతి. వచ్చిన పది రోజులకి ఆదివారం పొద్దున ఆ అబ్బాయి వాళ్ళమ్మ పెసరట్లు స్టీలు డబ్బాలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. టీ తాగుతూ అదీ ఇదీ మాట్లాడి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడిగింది, ఆ ఆఫీసుకి మనం కూడా ఫోన్ చెయ్యొచ్చా, సిటిజన్లం కాకపోయినా? చెయ్యొచ్చు ఆంటీ, మీరు ఇక్కడే ఉంటున్నారుగా, ఆయన మీకు కూడా ప్రతినిధే అని మా అమ్మాయి మెట్ల మీంచి దిగొచ్చింది. మర్నాడు మధ్యాహ్నం లంచ్ బ్రేక్ లో ఆవిడ ఆఫీసు పార్కింగ్ లో కార్లో కూర్చుని నన్ను లైన్ లో పెట్టుకుని ఆ నంబర్ కొట్టింది. ఎవరో కుర్రాడు ఎత్తాడు. ఆవిడ పేరు చెప్పలేదు. జిప్ కోడ్ చెప్పింది. తర్వాత నాకొక అబ్బాయి ఉన్నాడు అని మొదలుపెట్టింది.